సాగర్ నగర్ పూల్‌లో నీళ్ళు ఎక్కడికి పోయాయి? సోలార్ కవర్ సంగతులు

కిందటేడాది మే నెలలో విశాఖ సాగర్ నగర్ నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. "పూల్ ఎక్కడో కారుతోంది నాన్నా. వారంలో రెండు వేళ్ళ మందం నీళ్ళు దిగిపోయాయి. మేస్త్రీ వచ్చి చూశాడు, టైల్స్ పీకితే గానీ తెలీదంటున్నాడు. నువ్వొకసారి వచ్చి చూడు" అంది. గొంతులో టెన్షన్ తెలిసిపోతోంది. ఆ పూల్ బాబాయ్ రిటైరయ్యాక మోకాళ్ళ నొప్పుల కోసం కట్టించుకున్నది. ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు. సముద్రం అక్కడికి నడిచి వెళ్ళేంత దూరం.

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. పూల్ కట్టే పని నాకు తెలీదు. కానీ టైల్స్ మీద గునపం పడకముందు చేయాల్సిన పరీక్ష ఒకటి తెలుసు. దానికి ఒక బకెట్ చాలు. బకెట్‌ను పూల్ నీళ్ళతోనే నింపి, పూల్ మొదటి మెట్టు మీద సగానికి పైగా మునిగేలా పెట్టాలి. లోపలి నీళ్ళు ఎక్కడున్నాయో బకెట్ లోపలి వైపు ఒక గీత, పూల్ నీళ్ళు ఎక్కడున్నాయో బయటి వైపు ఇంకో గీత గీయాలి. మోటారు ఆపేసి, ఎవరూ నీళ్ళలోకి దిగకుండా 24 గంటలు వదిలేయాలి. బకెట్‌కు చిల్లు లేదు కాబట్టి అందులో తగ్గినదంతా గాలిలోకి పోయినట్టే. పూల్‌లో అంతకంటే ఎక్కువ తగ్గితే ఎక్కడో కారుతున్నట్టు. రెండూ ఒకేలా తగ్గితే మేస్త్రీకి అక్కడ పని లేదు.

మర్నాడు చూస్తే రెండు గీతల నుంచీ నీళ్ళు ఒకేలా దిగాయి, సుమారు 5 మిల్లీమీటర్లు. పూల్ కారడం లేదు. నీళ్ళన్నీ పైకే పోతున్నాయి.

5 మిల్లీమీటర్లంటే వినడానికి ఏమీ కాదు. లెక్క వేస్తే తెలుస్తుంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీళ్ళంటే సరిగ్గా ఒక లీటరు. పిన్ని వాళ్ళ పూల్ 32 చదరపు మీటర్లు. రోజుకు 160 లీటర్లు, నెలకు 4,800 లీటర్లు. అంటే ఎవరూ ఒక్క మునక వేయకపోయినా నెలకొక 5,000 లీటర్ల ట్యాంకర్ గాలిలో కలిసిపోతోంది. మధురవాడ, పీఎం పాలెం వైపు అపార్ట్‌మెంట్లలో పూల్స్ ఇంకా పెద్దవి. 15 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు ఉన్న పూల్‌కు ఇదే లెక్కన రోజుకు 450 లీటర్లు, నెలకు పదమూడు వేల లీటర్ల పైమాట.

వాన పడి నిండుతుంది కదా అనుకుంటాం. విశాఖలో ఏడాదికి పడే వాన సుమారు వెయ్యి మిల్లీమీటర్ల పైచిలుకు. రోజుకు 5 మిల్లీమీటర్ల చొప్పున పోయేది ఏడాదికి 1,800 మిల్లీమీటర్లు. పైగా వాన వచ్చేది ఎక్కువగా జూన్ నుంచి నవంబరు లోపు. అప్పుడు పూల్ అంచు దాటి కాలువలోకి పోతుంది. ఎండాకాలానికి దాచుకోవడానికి అదేం చెరువు కాదు.

ఆ రోజు బకెట్ పట్టుకుని గట్టు మీద కూర్చున్నప్పుడు నాకు గట్టిగా తగిలిన ఆలోచన ఇంకొకటి ఉంది. ఎండాకాలం వస్తే మన కొండవాలు ప్రాంతాల్లో ఆడవాళ్ళు బిందెలు వరుసగా పెట్టుకుని ట్యాంకర్ కోసం ఎదురు చూస్తారు. అలాంటి ట్యాంకరే ఒకటి పిన్ని ఇంటికి వచ్చి నెల తిరిగేసరికి ఆవిరైపోతోంది. ఇంట్లో పూల్ ఉండొచ్చా లేదా అన్నది వేరే చర్చ. ఉన్న పూల్‌లో నీళ్ళు ఇలా పోతుంటే చూస్తూ ఊరుకోవడం మాత్రం నాకు మనసొప్పలేదు. సోలార్ కవర్ గురించి చదవడం అప్పుడే మొదలుపెట్టాను.

పేరులోనే చిక్కు

సోలార్ కవర్ అనగానే మా పిన్ని అడిగిన మొదటి ప్రశ్న: "దానితో కరెంటు వస్తుందా?" రాదు. పేరులో సోలార్ ఉన్నా దానికీ ప్యానెళ్ళకూ సంబంధం లేదు. టీవీ కొన్నప్పుడు పెట్టెలో చుట్టి వచ్చే బుడగల షీటు గుర్తుందా? చూడ్డానికి అలాగే ఉంటుంది. పాలిథీన్‌తో, ఎండకు తట్టుకునేలా, మరింత మందంగా చేస్తారు. మందం సాధారణంగా 200 నుంచి 500 మైక్రాన్ల వరకు ఉంటుంది. బుడగల వైపు నీళ్ళకు తగిలేలా, నున్నటి వైపు ఆకాశానికి ఉండేలా పరిస్తే నీళ్ళ మీద తేలుతుంది. బుడగల్లోని గాలి లోపలి వేడిని బయటికి పోనివ్వదు. షీటు నీటికీ గాలికీ మధ్య అడ్డుగా ఉంటుంది. ఈ రెండో పనే అసలైనది.

నీటికీ గాలికీ మధ్య అడ్డు పెడితే ఎంత మిగులుతుందో మన పక్కనే పెద్ద ఎత్తున చూడొచ్చు. పరవాడ దగ్గర ఎన్టీపీసీ సింహాద్రి జలాశయం మీద 2021 ఆగస్టులో 25 మెగావాట్ల తేలియాడే సోలార్ ప్లాంటు మొదలైంది. 75 ఎకరాల మేర లక్షకు పైగా ప్యానెళ్ళు నీళ్ళ మీద తేలుతున్నాయి. కరెంటు సంగతి అలా ఉంచితే, నీడ వల్ల ఏడాదికి 136 కోట్ల లీటర్లకు పైగా నీళ్ళు ఆవిరి కాకుండా మిగులుతాయని ఆ సంస్థ లెక్క చెప్పింది. మన ముడసర్లోవ జలాశయం మీద కూడా 2018లోనే 2 మెగావాట్ల ప్లాంటు వచ్చింది. పిన్నిని ఒకసారి అటు తీసుకెళ్ళి చూపించాను. "నీళ్ళకు గొడుగు పట్టినట్టుంది" అంది. సోలార్ కవర్‌ను ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

కుండలో నీళ్ళు చల్లబడినట్టే

నీళ్ళు పోవడం, వేడి పోవడం రెండు వేర్వేరు నష్టాలుగా కనిపిస్తాయి. నిజానికి రెండూ ఒకటే. ఎండాకాలం మట్టికుండలో నీళ్ళు ఎందుకు చల్లగా ఉంటాయి? కుండ గోడల్లోంచి ఊరిన నీరు ఆవిరైపోతూ, లోపలి నీళ్ళ వేడిని తనతో పట్టుకుపోతుంది కాబట్టి. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,430 కిలోజౌళ్ళ వేడి కావాలి. అంత వేడిని తీసేస్తే 580 లీటర్ల నీళ్ళు ఒక డిగ్రీ చల్లబడతాయి. క్లాసులో ఈ లెక్క చెప్పినప్పుడల్లా పిల్లలు ఒకసారి తలెత్తి చూస్తారు. ఒక్క లీటరు 580 లీటర్లను చల్లబరుస్తుందంటే నమ్మబుద్ధి కాదు మరి.

పిన్ని పూల్‌లో సుమారు 45 వేల లీటర్లు ఉంటాయి. రోజుకు 160 లీటర్లు ఆవిరైతే పోయే వేడి మొత్తం పూల్‌ను రెండు డిగ్రీలు దించగలదు. కరెంటు యూనిట్లలో చెప్పాలంటే 108 యూనిట్లు. మన వైపు ఎండ చదరపు మీటరుకు రోజుకు సగటున 5 యూనిట్ల దాకా ఇస్తుంది. 32 చదరపు మీటర్లకు 160 యూనిట్లు. అంటే సూర్యుడు పోసిన దాంట్లో మూడింట రెండు వంతులు ఆవిరే ఎత్తుకుపోతోంది. పూల్ పోగొట్టుకునే వేడిలో 70 శాతం ఆవిరి రూపంలోనే పోతుందని అమెరికా ఇంధన శాఖ చెప్పే మాటకు మన సాగర్ నగర్ లెక్క దగ్గరగానే వచ్చింది.

"విశాఖలో ఎప్పుడూ ఉక్కపోతే కదా, గాలిలో ఇంత తేమ ఉంటే నీళ్ళు ఎందుకు ఆవిరవుతాయి?" అని మా బాబాయ్ అడిగారు. మంచి ప్రశ్న. తేమ ఆవిరిని నెమ్మదింపజేస్తుంది, నిజమే. కానీ ఆవిరి వేగం గాలిలోని తేమ ఒక్కదాని మీదే ఆధారపడదు. నీళ్ళు ఎంత వెచ్చగా ఉన్నాయి, గాలి ఎంత వేగంగా వీస్తోంది అన్నవీ కలవాలి. నీటిపైన చేరిన తడిగాలిని సముద్రపు గాలి ఎప్పటికప్పుడు ఊడ్చుకుపోతుంటే ఆవిరికి ఎప్పుడూ చోటు దొరుకుతూనే ఉంటుంది. ఉక్కపోత రోజున కూడా ఫ్యాను కింద చొక్కా ఆరడం చూస్తూనే ఉన్నాం కదా. ఇక సముద్రపు గాలి ఆగిపోయి పడమటి గాలి తిరిగిన రోజున చెప్పనే అక్కర్లేదు. ఆ పొడి వడగాలికి పెరట్లో బట్టలు ఎంత త్వరగా ఎండుతాయో పూల్ కూడా అంతే. చలికాలం రాత్రుల సంగతి చాలామందికి తట్టదు. గాలి 18, 19 డిగ్రీలకు దిగి కాస్త పొడిబారుతుంది, నీళ్ళు మాత్రం ఇంకా 24 డిగ్రీల దగ్గర ఉంటాయి. తెల్లవారుజామున పూల్ మీద పొగలాంటి ఆవిరి లేవడం చూస్తే పూల్ ఏం పోగొట్టుకుంటోందో కళ్ళకు కనిపిస్తుంది.

కవర్ పరిచి ఉన్నంతసేపు ఈ ఆవిరి దాదాపు ఆగిపోతుంది. ఎంతసేపు పరుస్తామన్నదే ఎంత మిగులుతుందో తేలుస్తుంది. పూల్ వాడుకుంటూ మధ్యమధ్యలో కప్పే ఇళ్ళలో పైనుంచి పోయాల్సిన నీళ్ళు 30 నుంచి 50 శాతం తగ్గుతాయని అమెరికా ఇంధన శాఖ అంచనా. రసాయనాల వాడకం 35 నుంచి 60 శాతం తగ్గుతుందని కూడా చెబుతుంది.

చలిదేశాల సలహా మనకు తిరగబడుతుంది

కవర్‌తో పాటు వచ్చే కాగితంలో సాధారణంగా ఉండేది ఒకే సలహా: వీలైనంతసేపు కప్పి ఉంచండి, నీళ్ళు వెచ్చబడతాయి. ఈ సలహా చలిదేశాల నుంచి వచ్చింది. అక్కడ పూల్‌కు హీటర్ ఉంటుంది, గ్యాస్ బిల్లు ఉంటుంది, ఎండ దొరకడమే వరం. అక్కడ హీటర్ ఖర్చు సగానికి పైగా తగ్గించడం కవర్ చేసే గొప్ప మేలు. మన దగ్గర ఇంటి పూల్స్‌కు హీటర్ ఉండటం అరుదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకు ఆ కాగితం మాట విని పగలంతా పారదర్శకమైన కవర్ పరిస్తే సాయంత్రానికి పూల్ వేణ్ణీళ్ళ తొట్టి అవుతుంది. అంత వెచ్చటి నీళ్ళలో ఈత హాయిగా ఉండదు, పాచి తొందరగా పడుతుంది, క్లోరిన్ ఇంకా ఎక్కువ కావాలి. అంటే లాభం కోసం పరిచిన కవర్ నష్టం తెస్తుంది.

ఇక్కడ రంగు విషయం తేల్చుకోవాలి. నీలం రంగు ఎండను బాగా పీల్చి నీళ్ళను వేడి చేస్తుందని షాపుల్లో చెబుతారు. జరిగేది దాదాపు దీనికి వ్యతిరేకం. అన్నిటికంటే ఎక్కువగా నీళ్ళను వెచ్చబరిచేది పారదర్శకమైన కవర్. ఎండ దానిగుండా నేరుగా నీళ్ళలోకి దిగుతుంది. ముదురు రంగు కవర్ ఎండను తన దగ్గరే ఆపుకుంటుంది. ఆ వేడిలో కొంత కింది నీళ్ళకు అందినా కొంత పైగాలికి పోతుంది. పైన వెండి రంగో లేత రంగో ఉండి, వెలుతురు దూరనివ్వని కవర్ ఎండను చాలావరకు వెనక్కి పంపేస్తుంది. ఆవిరిని ఆపడంలో మాత్రం మూడింటికీ తేడా లేదు.

నా అభిప్రాయంలో విశాఖ ఇళ్ళకు వెలుతురు దూరని ఈ కవరే సరైనది. దాన్ని వాడే పద్ధతి కాలాన్ని బట్టి మారాలి. ఎండాకాలంలో పగలు కప్పి, సాయంత్రం తీసేయాలి. పగటి ఎండ నీళ్ళను తాకదు, మధ్యాహ్నం జోరుగా వీచే సముద్రపు గాలికి నీళ్ళు పోవు. సాయంత్రం ఈత అయ్యాక రాత్రికి తెరిచి వదిలేస్తే కాస్త నీరు ఆవిరై మిగతా నీళ్ళను చల్లబరుస్తుంది, కుండలోలాగే. ఆ కాస్త నీరు పోవడాన్ని నేను వృథా అనను, చల్లదనానికి కట్టే వెల అది. మరీ నీటి ఎద్దడి ఉన్న వారంలో రాత్రి కూడా కప్పేయొచ్చు, మర్నాడు నీళ్ళు కొంచెం వెచ్చగా ఉంటాయని తెలిసి.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇది పూర్తిగా తలకిందులు. పగలు తెరిచి ఎండ సోకనివ్వాలి, పొద్దు వాలగానే కప్పేయాలి. భోగి నాటి ఉదయం కవర్ తీసి నీళ్ళలో చేయి పెట్టిన బాబాయ్ ఫోన్ చేసి మరీ చెప్పారు, "ఒరేయ్, కాళ్ళు జివ్వుమనడం లేదురా" అని. అంతకుముందు సంక్రాంతి సెలవులన్నీ పూల్ ఖాళీగానే ఉండేది. మోకాళ్ళ నొప్పులకు నీళ్ళలో నడవడం మంచిదని డాక్టరు చెప్పిన మనిషికి ఆ రెండు మూడు నెలలు దొరకడం నిజంగా పెద్ద విషయం.

క్లోరిన్, ఉప్పు

ఎండలోని అతినీలలోహిత కిరణాలు నీళ్ళలోని క్లోరిన్‌ను విరగ్గొడతాయి. రక్షణ లేని క్లోరిన్ మిట్టమధ్యాహ్నపు ఎండలో గంటలోపే సగానికి పడిపోతుంది. దాన్ని కాపాడటానికే సయన్యూరిక్ యాసిడ్ అనే పదార్థాన్ని కలుపుతారు. పూల్ వాళ్ళు వాడే టీసీసీఏ అనే క్లోరిన్ బిళ్ళల్లో అది ముందే ఉంటుంది. చిక్కేమిటంటే క్లోరిన్ ఖర్చయిపోయినా ఈ యాసిడ్ నీళ్ళలోనే ఉండిపోతుంది. వేసిన ప్రతి బిళ్ళతోనూ కొంచెం పెరుగుతుంది. మరీ పెరిగితే క్లోరిన్ ఉన్నా సరిగా పని చేయదు. అప్పుడు క్లోరిన్ కొలిచే టెస్ట్ కిట్‌లో రంగు సరిగానే చూపిస్తుంది, నీళ్ళు మాత్రం ఆకుపచ్చగా మారతాయి. పూల్ చూసే అబ్బాయి ఇంకో రెండు బిళ్ళలు వేస్తాడు. వెలుతురు దూరని కవర్ పగలు పరిస్తే ఈ గొలుసు మొదట్లోనే తెగుతుంది.

అయితే కవర్ వేసిన ఇళ్ళలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. క్లోరిన్ ఖర్చు తగ్గినా పాత మోతాదే వేస్తూ పోతారు. కవర్ కింద క్లోరిన్ పేరుకుని కళ్ళు మండుతాయి, కవర్ కూడా పెళుసుబారుతుంది. వారానికి రెండు మూడు సార్లు టెస్ట్ కిట్‌తో చూసుకుని, క్లోరిన్ లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాముల మధ్య, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండేలా మోతాదు తగ్గించుకోవాలి. పాచి పోవడానికి ఒక్కసారే ఎక్కువ క్లోరిన్ వేసిన రోజున కవర్ తీసేసి, మామూలు స్థాయికి దిగాకే మళ్ళీ పరవాలి.

ఉప్పు సంగతి ఇంకా ముఖ్యం. దీని గురించి ఎవరూ మాట్లాడరు. నీళ్ళు ఆవిరైనప్పుడు నీళ్ళే పోతాయి, అందులో కరిగిన లవణాలు ఎక్కడికీ పోవు. నౌపడలో ఉప్పు మడులు చూసినవాళ్ళకు ఇది చెప్పాల్సిన పని లేదు. సముద్రపు నీళ్ళు పెట్టి, ఎండకు వదిలేసి, ఆవిరైన కొద్దీ మళ్ళీ పెడుతూ పోతే ఉప్పు తేలుతుంది. మనం పూల్‌లో నెమ్మదిగా చేస్తున్నదీ ఇదే. బీచ్ రోడ్డు పొడవునా బోరు నీళ్ళు ఉప్పగానో చప్పగానో ఉంటాయి. ఆ నీళ్ళలో లీటరుకు ఒక గ్రాము లవణాలు ఉన్నాయనుకుందాం. నెలకు 4,800 లీటర్లు పోస్తే దాదాపు 5 కిలోల లవణాలు పూల్‌లో చేరతాయి. ఏడాదికి 58 కిలోలు, అంటే ఒక బస్తా పైనే. ఫిల్టర్‌లోకి నీళ్ళు వెనక్కి తోసి కడిగే బ్యాక్‌వాష్‌లో, వానాకాలం పొర్లినప్పుడు కొంత బయటికి పోతుంది. మిగిలినది టైల్స్ అంచున తెల్లటి గీతగా, ఇత్తడి, స్టీలు కడ్డీల మీద మచ్చలుగా, నీళ్ళలో మసకగా కనిపిస్తుంది. చివరికి ఒకరోజు పూల్ మొత్తం ఖాళీ చేసి కొత్త నీళ్ళు నింపమంటారు. 45 వేల లీటర్లంటే తొమ్మిది ట్యాంకర్లు. కవర్ వల్ల పైనుంచి పోసే నీళ్ళు సగానికి తగ్గితే ఆ రోజు చాలా వెనక్కి జరుగుతుంది. నెలనెలా మిగిలే నీళ్ళ కంటే ఇది పెద్ద లాభమని నేను అనుకుంటున్నాను.

ఆకులు, దుమ్ము పడకపోవడం ఎలాగూ ఉంది. పిన్ని వాళ్ళకు బాదం చెట్టు ఆకులు, ఓడరేవుకు దగ్గరగా ఉండేవాళ్ళకు నల్లటి బొగ్గు పొడి. కవర్ మీద పడినది చీపురుతో ఊడ్చేస్తే పోతుంది, మోటారు కాసేపు తక్కువ తిరుగుతుంది.

భయపడాల్సిన చోట భయపడాలి

ఈ మాట మాత్రం కాస్త గట్టిగా చెప్పాలి. సోలార్ కవర్ పిల్లలను కాపాడే కవర్ కాదు. బిగించి కట్టి, మనిషి బరువు ఆపే సేఫ్టీ కవర్లు వేరే ఉంటాయి. ఇది ఊరికే తేలే షీటు. పసిపిల్ల దాని మీద అడుగు వేస్తే షీటు పక్కకు తొలగి పిల్ల కిందికి జారిపోతుంది. షీటు మళ్ళీ పైన కమ్ముకుంటుంది. పైనుంచి చూసేవాళ్ళకు లోపల ఎవరూ కనిపించరు. మామూలు పూల్ కంటే ఇది ప్రమాదం. కవర్ నేలలాగా కనబడుతుంది కాబట్టి కుక్కలు కూడా దాని మీదికి పరుగెత్తుతాయి. అందుకే పూల్ చుట్టూ గేటూ గడియా ఉన్న కంచె ఉండాల్సిందే, కవర్ ఉన్నా సరే. ఈదేటప్పుడు కవర్ మొత్తం తీసేయాలి. సగం చుట్టి సగం వదిలేసి ఈదడం అస్సలు చేయకూడదు. నీళ్ళ అడుగున ఈదుతూ కవర్ కిందికి వెళ్ళినవాళ్ళకు పైకి లేవడానికి దారి దొరకదు. పిన్ని వాళ్ళింటికి మనవలు వచ్చే ముందు నేను అన్నిటికంటే ముందు అడిగేది ఆ గేటు గడియ గురించే.

రెండో భయం దోమలు. కవర్ కింద క్లోరిన్ నీళ్ళలో దోమ పెరగదు. కానీ వాన పడితే కవర్ మీద అక్కడక్కడ నీళ్ళు నిలుస్తాయి. ఆ నీళ్ళలో క్లోరిన్ ఉండదు, అవి శుభ్రంగా, నిలకడగా ఉంటాయి. డెంగీ తెచ్చే ఏడిస్ దోమకు కావాల్సింది సరిగ్గా అలాంటి చోటే. వారం, పది రోజులు కదపకుండా వదిలేస్తే గుడ్డు దోమై ఎగిరిపోతుంది. కాబట్టి వాన వెలిసిన ప్రతిసారీ కవర్ మీది నీళ్ళను చీపురుతో అంచుకు నెట్టేయాలి. శుక్రవారం డ్రై డే అని ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ చెప్పే మాటలో పూలకుండీలు, టైర్లతో పాటు ఈ కవర్‌ను కూడా కలుపుకోండి.

తుపాను కబురు వస్తే కవర్ తీసి ఇంట్లో పెట్టేయాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను రోజున ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళెవరికీ గాలి ఏం చేయగలదో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

మొదటి కవర్ ఎలా పోయింది

పిన్ని వాళ్ళు కొన్న మొదటి కవర్ మూడు వారాలు కూడా నిలవలేదు. పూల్ వాడుకున్నంతసేపు దాన్ని మడత పెట్టి గట్టు మీద, ఎండలో వదిలేసేవాళ్ళు. మడతల మధ్య వేడి చిక్కుకుపోయి, బుడగలు ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుపోయి పగిలాయి. ఆ తర్వాత నీలం రంగు పొరలు పొరలుగా ఊడి, నీళ్ళ పైన తేలే చెత్తను లాగే స్కిమ్మర్‌లో అడ్డుపడ్డాయి. అమ్మినవాళ్ళు ఈ ముక్క ముందే చెప్పి ఉంటే ఆ డబ్బు మిగిలేది. నీళ్ళ మీద ఉన్నప్పుడు కింది నీరు కవర్‌ను చల్లబరుస్తుంది, గట్టు మీద మడతలో ఉన్నప్పుడు అలా చల్లబరిచేది ఏమీ ఉండదు. తీసిన కవర్‌ను నీడలో పెట్టాలి, లేదా పైన తెల్లటి దుప్పటి కప్పాలి.

రెండోసారి వెలుతురు దూరని, 400 మైక్రాన్ల కవర్ తీసుకున్నాం. దాన్ని తెచ్చిన రోజే కత్తిరించలేదు. రెండు రోజులు నీళ్ళ మీద వదిలేస్తే మడతలు సాగి సరిగ్గా పరుచుకుంది, అప్పుడు అంచుల వెంట కత్తెరతో కోశాం. ఒక చివర రోలర్ పెట్టించాం. ఈ రోలర్ ఖర్చు దండగ అని మొదట బాబాయ్ అన్నారు. నేను పట్టుబట్టాను. తీయడం కష్టమైతే కవర్ పదిహేను రోజులకే గోడవారకు చేరుతుంది. అరవై దాటిన ఇద్దరు మనుషులు తడిసిన షీటును చేతులతో లాగలేరు. రోలర్ ఉంటే బాబాయ్ ఒక్కరే రెండు నిమిషాల్లో చుట్టేస్తున్నారు. మంచి కవరైనా మన ఎండకు మూడు, నాలుగేళ్ళకు మించి ఆశించకూడదు. పొరలు ఊడటం మొదలైతే ఇంకొన్నాళ్ళు చూద్దాం అనుకోకుండా తీసేయాలి. లేకపోతే ఆ ప్లాస్టిక్ ముక్కలు నీళ్ళలోకి, ఫిల్టర్‌లోకి, కాలువ వెంట సముద్రంలోకి పోతాయి.

కొనాలా వద్దా అని అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే, ముందు బకెట్ పెట్టండి. మీ వీధిలో గాలి, మీ పూల్ మీద నీడ, మీ ఇంటి పక్క మేడ ఇవన్నీ కలిపి మీ అంకె వేరుగా ఉంటుంది. రోజుకు ఎన్ని మిల్లీమీటర్లు పోతున్నాయో తెలిస్తే దాన్ని పూల్ వైశాల్యంతో గుణించండి, లీటర్లు వస్తాయి. మీ పేటలో ట్యాంకర్ ధర మీకు తెలుసు. కవర్, రోలర్ ధర ఎన్ని నెలల్లో తిరిగి వస్తుందో కాగితం మీదే తేలిపోతుంది. పూల్ చిన్నదై, మేడ నీడలో ఉండి, రోజుకు రెండు మిల్లీమీటర్లే పోతుంటే కొనకపోయినా ఫర్వాలేదు.

ఈ మే నెలలో పిన్ని వాళ్ళింట్లో మళ్ళీ బకెట్ పెట్టాను. ఈసారి పగలు కవర్ పరిచి, బకెట్ మాత్రం తెరిచి. మర్నాటికి బకెట్‌లో ఎప్పటిలాగే 5 మిల్లీమీటర్లు, పూల్‌లో రెండుకు కాస్త పైన. పిన్నికి ఈ గీతలతో పని లేదు. వంటింట్లో తెలుగు క్యాలెండర్ మీద, పాలవాడి లెక్క పక్కనే, ట్యాంకర్ వచ్చిన రోజున చిన్న గుండ్రం చుడుతుంది. కిందటేడాది ఎండాకాలం మూడు నెలలకూ మూడు గుండ్రాలు. ఈసారి ఒకటే ఉంది, ఉగాది వారంలో.